పీఠము కోరని యతి: స్వామి రామానంద తీర్థ

ధర్మము బోధించువాడు రాజ్యాధికారమును చేపట్టవచ్చునా అను ప్రశ్న చాల పాతది. మన సంప్రదాయములో దీనికొక సమాధానము స్థిరపడి యున్నది. గురువు సింహాసనము ప్రక్కన నిలుచును, దానిపై కూర్చుండడు. విజయనగర స్థాపనకు విద్యారణ్యులు తోడ్పడినారని ఐతిహ్యము చెప్పుచున్నది గాని, ఆయన రాజైనారని చెప్పదు. అయితే రాజులు పోయి ఎన్నికలు వచ్చిన కాలములో ఈ సమాధానము చాలకపోయినది. ప్రజలలో పలుకుబడి గల బోధకుడు ప్రజల ఓటును అడుగుటకు అడ్డేమున్నది? అడిగి గెలిచిన పిమ్మట అతడు బోధకుడుగా మిగులునా, రాజకీయవాదిగా మారిపోవునా?

ఈ ప్రశ్నను ముందుగా ఎదుర్కొన్న దేశములలో అమెరికా ఒకటి. ఒహాయో రాష్ట్రములో 1831వ సంవత్సరమున దుంగలతో కట్టిన ఒక పేద ఇంట పుట్టిన జేమ్స్ గార్‌ఫీల్డ్ చిన్ననాటనే తండ్రిని కోల్పోయి, కష్టించి చదివి, క్రైస్తవ బోధకుడైనాడు. హైరమ్ అను ఊరి విద్యాలయమునకు ప్రధానాధ్యాపకుడైనాడు. 1859లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికై, అంతర్యుద్ధములో సేనానియై, 1881లో దేశాధ్యక్ష పదవినే అధిష్ఠించినాడు. ఆ సంవత్సరమే జులై 2వ తేదీన, తనకు ఉద్యోగము దక్కలేదని కక్ష గట్టిన యొకడు ఆయనను తుపాకితో కాల్చినాడు. సెప్టెంబరు 19వ తేదీన ఆ గాయముతోనే ఆయన మరణించినాడు. అదే కాలములో మరి ఇరువురు మెథడిస్టు బోధకులు రాజకీయములలో పేరొందినారు. విలియం బ్రౌన్‌లో 1865లో టెనెసీ రాష్ట్ర గవర్నరై, అంతర్యుద్ధములో ఓడిన పక్షమువారి ఓటుహక్కును తొలగించి కఠినముగా పాలించినాడు. హైరమ్ రెవెల్స్ 1870లో అమెరికా సెనేటులో ప్రవేశించిన మొదటి నల్లజాతీయుడు. తన జాతిని బానిసత్వములో ఉంచదలచిన వారికి సైతము పౌరహక్కులు తిరిగి ఈయవలెనని ఆయన వాదించినాడు. ఇరువురి చేతిలోను ఒకే గ్రంథము, ఇరువురి వృత్తియు ఒకటే. ఒకరు శిక్షను, మరియొకరు క్షమను ఎంచుకొన్నారు. బోధకుని వేషము చూచి అతని రాజకీయమును నిర్ణయింపరాదని ఈ జీవితములు తెలుపుచున్నవి.

హైదరాబాదు సంస్థానములో ఈ పరీక్షకు నిలిచిన మహనీయుడు స్వామి రామానంద తీర్థ. ఆయన తెలుగువారు కారు. నల్లగొండ, పాలమూరు జిల్లాలలో పుట్టినవారును కారు. అయినను ఈ రెండు జిల్లాల ఆధునిక చరిత్రను ఆయనను విడిచి చెప్పుట సాధ్యము కాదు. ఆయనతో కలిసి నడిచినవారు, ఆయనతో విభేదించినవారు, నేడు ఆయన పేరు నిలుపుచున్న సంస్థ, ఈ ప్రాంతమునకు చెందినవే.

ఆయన పూర్వాశ్రమ నామము వేంకటేశ భగవాన్‌రావు ఖేడ్గీకర్. 1903 అక్టోబరు 3వ తేదీన బిజాపూరు జిల్లాలోని సిందగిలో జన్మించినారు. షోలాపూరులో చదువుకొనుచుండగా, 1920 ఆగస్టు 1వ తేదీన లోకమాన్య తిలక్ పరమపదించినారు. ఆ వార్త విన్న పదునారేండ్ల బాలుడు ఆజన్మము బ్రహ్మచారిగా ఉండి దేశసేవ చేయుదునని ప్రతిజ్ఞ పూనినాడు. సహాయ నిరాకరణోద్యమములో ప్రభుత్వ పాఠశాలను విడిచి జాతీయ విద్యాసంస్థలలో చదివి, పూనాలోని తిలక్ విద్యాపీఠము నుండి ఎం.ఏ. పట్టము పొందినారు. ఆ పట్టమునకై ఆయన రచించిన వ్యాసము వేదాంతమును గూర్చి కాదు, ప్రజాస్వామ్య పరిణామమును గూర్చి. కాషాయము ధరింపకముందే ఆయన మనస్సు ఎటు మొగ్గినదో దీనివలన తెలియుచున్నది.

పిమ్మట కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి వద్ద కొంతకాలము పనిచేసినారు. ఆరోగ్యము చెడిపోగా ఆ పని విడిచి, నిజాము రాష్ట్రములోని ఉస్మానాబాదు జిల్లా హిప్పర్గా గ్రామమున జాతీయ పాఠశాలకు ప్రధానోపాధ్యాయులైనారు. 1930 దశకము తొలినాళ్ళలో స్వామి రామతీర్థుల శిష్యపరంపరలో సన్న్యాసము స్వీకరించి రామానంద తీర్థ అను పేరు పొందినారు. రామతీర్థులు లాహోరులో గణితాచార్యులుగా ఉండి, సన్న్యసించి, 1902లో అమెరికాకు పోయి రెండేండ్ల కాలము వేదాంతము ప్రచారము చేసిన మహాపురుషులు. ఆ పరంపరలో సన్న్యాసమనగా గుహలో దాగుట కాదు, జనము నడుమ నిలుచుట. కావుననే రామానందులు దీక్ష పొందిన పిమ్మట సైతము బడిని విడువలేదు. అంబజోగాయిలోని యోగేశ్వరీ విద్యాలయమున కాషాయ వస్త్రములతోనే పాఠములు చెప్పినారు. గార్‌ఫీల్డ్ వలెనే ఆయన కూడ తరగతిగది నుండి రాజకీయములలోనికి నడిచి వచ్చినవారే.

నాటి సంస్థానములో రాజకీయ సభ జరుపుట యే సాహసము. సభకు ముందస్తు అనుమతి కావలెను. పత్రికలపై నిఘా ఉండెడిది. కావున ప్రజలు సాంస్కృతిక సంస్థల నీడలో సంఘటితులైనారు. తెలుగువారికి ఆంధ్ర మహాసభ, మరాఠీవారికి మహారాష్ట్ర పరిషత్తు, కన్నడిగులకు కర్ణాటక పరిషత్తు ఏర్పడినవి. నల్లగొండ జిల్లా దేవరకొండలో 1931లో జరిగిన ఆంధ్ర మహాసభకు పాలమూరు జిల్లావారైన బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షత వహించినారు. 1936లో షాద్‌నగరము, 1941లో చిలుకూరు, 1944లో భువనగిరి ఈ సభలకు వేదికలైనవి. గ్రంథాలయము, బడి, వెట్టిచాకిరి, రైతు బాధలు అను క్రమములో ఈ సభల చర్చలు నానాటికి రాజకీయమునకు చేరువైనవి. స్వామీజీ మహారాష్ట్ర పరిషత్తు కార్యదర్శిగా అటువైపునుండి అదే త్రోవను నడిచినారు.

మూడు భాషల ప్రజలను ఒకే వేదికపైకి తెచ్చుటకు 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు సంకల్పింపబడినది. అది లాంఛనముగా పుట్టకముందే, సెప్టెంబరులో, ప్రభుత్వము దానిని నిషేధించినది. ఆ సంస్థ మతపరమైనదని ప్రభుత్వము మోపిన ముఖ్యారోపణ. అక్టోబరు 24వ తేదీన సత్యాగ్రహము మొదలైనది. మొదటి జట్టులో అరెస్టయిన వారిలో నల్లగొండ జిల్లా బొల్లేపల్లి వాస్తవ్యులు రావి నారాయణరెడ్డి ఉన్నారు. మూడు దినముల తరువాత, అక్టోబరు 27వ తేదీన, స్వామీజీ సత్యాగ్రహము చేసి జైలుకు పోయినారు.

ఇక్కడనే ఆయన జీవితములోని గట్టి చిక్కు ఎదురైనది. ఆ రోజులలోనే ఆర్యసమాజమువారు తమ మతస్వాతంత్ర్యము కొరకు వేరుగా ఉద్యమము నడుపుచుండిరి. ఆ సమాజ ప్రచారకులు పండిత నరేంద్రజీని ప్రభుత్వము 1938లో నిర్బంధించి, మహబూబునగరము జిల్లా అమ్రాబాదు అడవులలోని మన్ననూరుకు పంపినది. నల్లమలలోని ఆ చోటును ప్రజలు నిజాము కాలాపానీ అని పిలిచెడివారు. ఆర్యసమాజము అడిగిన హక్కులు న్యాయమైనవే. వారి త్యాగము చిన్నది కాదు. అయితే స్టేట్ కాంగ్రెసు అడిగినది వేరు. మతముతో నిమిత్తము లేక ప్రజలందరికి బాధ్యత వహించు ప్రభుత్వము కావలెనని అది కోరినది. రెండు సత్యాగ్రహములు ఒకే నగరములో, ఒకే ప్రభుత్వముపై, ఒకే సమయమున సాగుచుండగా చూచువారికి భేదము తెలియుటెట్లు? అందులోను ఒకదానికి ముందు నిలిచినవాడు కాషాయధారి. ప్రభుత్వము మోపిన ఆరోపణకు ఆ వస్త్రమే సాక్ష్యముగా చూపుటకు వీలున్నది.

గాంధీమహాత్ముడు ఈ ప్రమాదమును గుర్తించి సత్యాగ్రహమును నిలుపుమని సలహా యిచ్చినారు. 1938 డిసెంబరు 24వ తేదీన స్టేట్ కాంగ్రెసు ఉద్యమమును నిలిపివేసినది. ఉత్సాహముతో జైళ్ళకు పోయిన యువకులకు ఈ నిర్ణయము మింగుడుపడలేదు. గెలుపు దొరకకుండ పోరు నిలుపుట ఏ నాయకునికైనను కష్టమే. అయినను మతోద్యమమునకు, ప్రజాస్వామ్యోద్యమమునకు నడుమ గీత స్పష్టముగా ఉండవలెనను సూత్రము ఆనాడు నిలిచినది. స్వామీజీ ఆ సూత్రమును తుదివరకు పాటించినారు. కాషాయము ఆయన స్వంత నియమము. ప్రజల కోర్కె అందరి సొత్తు. మొదటిదానిని రెండవదానిపై కప్పుటకు ఆయన యత్నింపలేదు. ఈ విచక్షణ లేని బోధకుడు రాజకీయములలో అడుగిడినచో ఓటరులను భక్తులుగాను, ప్రతిపక్షులను పాపులుగాను చూచుట మొదలిడును. బ్రౌన్‌లో చేసిన పొరపాటు అట్టిదే.

1940లో గాంధీజీ అనుమతితో వ్యక్తి సత్యాగ్రహము చేసి స్వామీజీ మరల జైలుకు పోయినారు. 1942లో మరియొకసారి పోయినారు. 1946లో నిషేధము తొలగినది. స్టేట్ కాంగ్రెసు అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో ఆయన బూర్గుల రామకృష్ణారావుపై స్వల్పాధిక్యముతో గెలిచినారు. ఈ పోటీ ఇరువురు వ్యక్తులదే కాదు, రెండు స్వభావములది. బూర్గులవారు న్యాయవాది, సంస్కృతాంధ్ర పారసీక భాషలలో పండితుడు, సంప్రదింపులయందు నమ్మకము గలవారు. స్వామీజీ ప్రత్యక్షోద్యమమునకు మొగ్గినవారు. ఇక 1938లో తొలి జట్టున నడిచిన రావి నారాయణరెడ్డి అప్పటికే కమ్యూనిస్టు పక్షములో చేరి, నల్లగొండ పల్లెలలో దేశ్‌ముఖుల వెట్టికి ఎదురు నిలిచిన రైతులకు నాయకుడైనారు. ఒకే మొదలు నుండి మూడు కొమ్మలు చీలినవి.

1947లో దేశము స్వతంత్రమగుచుండగా, హైదరాబాదు వేరుగా ఉండునని నిజాము ప్రకటించినారు. స్టేట్ కాంగ్రెసు ఆగస్టు 7వ తేదీని భారత యూనియనులో చేరిక దినముగా పాటించినది. ఆగస్టు 15వ తేదీన స్వామీజీని నిర్బంధించినారు. దేశమంతట పతాకములు ఎగురుచున్న దినమున ఆయన జైలులో ఉన్నారు. ఆ అక్టోబరులో పాలమూరు జిల్లా ఆత్మకూరు తాలూకాలోని అప్పంపల్లిలో పోలీసు కాల్పులకు పదిమందికి పైగా బలియైనారు. నవంబరులో యథాతథ ఒడంబడిక కుదిరి స్వామీజీ విడుదలైనారు గాని, 1948 జనవరిలో మరల పట్టుబడినారు. సెప్టెంబరు 13 నుండి 17 వరకు సాగిన పోలీసు చర్యతో సంస్థానము భారతదేశములో కలిసిన పిమ్మటనే బయటికి వచ్చినారు.

ఈ కాలమున ఆయనకు మరియొక ధర్మసంకటము ఎదురైనది. రజాకార్ల దౌర్జన్యమునకు తాళలేక కృష్ణా, కర్నూలు జిల్లాల సరిహద్దులకు వేలాది ప్రజలు తరలిపోయినారు. అక్కడ ఏర్పడిన కాంగ్రెసు శిబిరములలో యువకులు ఆయుధములు పట్టినారు. గాంధీజీ అనుయాయి, అందులోను యతి నాయకుడుగా ఉన్న సంస్థలో ఇది జరిగినది. అహింసావ్రతమునకు ఇది తగునా అని అడుగువారికి సులభమైన సమాధానము లేదు. జైలులో ఉన్నవాడు శిబిరమునకు బాధ్యుడు కాడని ఒకరు వాదింపవచ్చును. నాయకుడు తన సంస్థ చేసిన పనికి బాధ్యుడే యని మరియొకరు అనవచ్చును. రాజకీయములలో దిగిన సన్న్యాసి చేతికి బురద అంటకుండ ఉండుట దుర్లభమని మాత్రము అంగీకరింపవలెను.

నిజాము పాలన పోయినను భూమి సమస్య పోలేదు. నల్లగొండ పల్లెలలో సైన్యము ఒకవైపు, కమ్యూనిస్టు దళములు మరియొకవైపు ఉండగా, సామాన్య రైతు నడుమ నలిగినాడు. కమ్యూనిస్టులతో స్వామీజీకి తీవ్రమైన విభేదము కలదు. అయినను అశాంతికి మూలము భూస్వామ్యములో ఉన్నదని, దున్నువానికి భూమిపై హక్కు కల్పింపనిదే శాంతి కుదురదని ఆయన గ్రహించినారు. 1950లో కౌలుదారీ చట్టము వచ్చి, రక్షిత కౌలుదారు అను మాట తెలంగాణ గ్రామములలో వాడుకలోనికి వచ్చినది. 1951 ఏప్రిల్ 18వ తేదీన నల్లగొండ జిల్లా పోచంపల్లిలో ఆచార్య వినోబా ఎదుట హరిజనులు తమకు 80 ఎకరాలు కావలెనని అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చినారు. భూదానోద్యమము అక్కడ పుట్టినది. ఒకే సమస్యకు ఒకరు తుపాకితో, ఒకరు చట్టముతో, ఒకరు దానముతో పరిష్కారము వెదకిన నేల ఇది.

1952 ఎన్నికలు వచ్చినవి. నల్లగొండ నుండి రావి నారాయణరెడ్డి పార్లమెంటుకు పోటీచేసి నెహ్రూ పండితునికంటె ఎక్కువ ఓట్లు పొందినారు. షాద్‌నగరము నుండి శాసనసభకు ఎన్నికైన బూర్గుల రామకృష్ణారావు హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైనారు. స్వామీజీ గుల్బర్గా నుండి లోకసభకు పోయినారు. నిషిద్ధమైన కాంగ్రెసును పదేండ్లు నిలిపి, పలుమారులు జైలుకు పోయిన నాయకుడు తన రాష్ట్రములో అధికారము అందుకొను సమయమునకు ఢిల్లీలో సామాన్య సభ్యుడుగా కూర్చున్నారు. కాంగ్రెసులోని వర్గపోరు ఇందుకు ఒక కారణమనుట నిజమే. ఆ వర్గములలో ఒకదానికి స్వామీజీయే పెద్ద. గృహమును త్యజించిన యతి వర్గమును త్యజింపలేకపోయినారని ఆయన విమర్శకులు అన్నారు. ఆ విమర్శలో కొంత సత్యము లేకపోలేదు. అయితే వర్గమును నడిపిన వారందరు కోరునట్టి పీఠమును ఆయన కోరలేదు. మంత్రిపదవి లేకుండుట ఆయన పలుకుబడిని తగ్గించనూ లేదు.

పీఠముపై ఆయనకు గల భావమును 1956 మరింత స్పష్టముగా చూపినది. హైదరాబాదు రాష్ట్రమును యథాతథముగా ఉంచవలెనా, భాషలనుబట్టి విభజింపవలెనా అను వివాదమున స్వామీజీ విభజన పక్షమున నిలిచినారు. ఆ రాష్ట్రముననే ఆయన నాయకత్వమునకు అర్థము ఉన్నది. మూడు భాషల ప్రజలకును నాయకుడనిపించుకొన్నవాడు, ఆ మూడు ప్రాంతములు మూడు రాష్ట్రములలో కలిసిపోయిన పిమ్మట ఎక్కడి నాయకుడు? 1956 నవంబరు 1వ తేదీన తెలంగాణ ఆంధ్రప్రదేశములోను, మరాఠ్వాడా బొంబాయిలోను, కన్నడ జిల్లాలు మైసూరులోను కలిసినవి. తాను నిలిచిన అరుగును ఆయన తన చేతులతోనే విప్పినారు. భాషా రాష్ట్రముల మేలుకీడులను గూర్చి అభిప్రాయభేదములు ఆనాడు ఉన్నవి, తరువాతనూ ఉన్నవి. 2014లో తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమైనది. ఆ చర్చ యేమైనను, తనకు నష్టము కలిగించు మార్పును తానే కోరిన రాజకీయ నాయకులు అరుదు.

1957లో ఔరంగాబాదు నుండి మరల లోకసభకు ఎన్నికై, 1962 వరకు సభ్యులుగా ఉన్నారు. అటుపిమ్మట ఎన్నికల రాజకీయములకు దూరముగా ఉండి, హైదరాబాదు స్వాతంత్ర్య సమరమును గూర్చిన తమ జ్ఞాపకములను 1967లో ఆంగ్లమున గ్రంథముగా ప్రకటించినారు. 1972 జనవరి 22వ తేదీన హైదరాబాదులో పరమపదించినారు. పుట్టినది కన్నడ సీమ, బోధించినది మరాఠీ సీమ, కన్నుమూసినది తెలుగు నగరము. బేగంపేటలో ఆయన సమాధి ఉన్నది. నాందేడు విశ్వవిద్యాలయము ఆయన పేరు ధరించినది. ఆయన శిష్యులలో పి.వి. నరసింహారావు 1991లో దేశ ప్రధానియైనారు. గురువు పేరిట ఒక గ్రామీణ శిక్షణ సంస్థ పోచంపల్లి సమీపమున జలాల్‌పూరులో వెలయుటకు ఆయనే ప్రేరకులు. పూర్వపు నల్లగొండ జిల్లాలోనిదై, నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న ఆ సంస్థ పల్లె యువతకు చేతిపనులు నేర్పుచున్నది. బడిపంతులుగా జీవితము మొదలిడిన యతికి ఇంతకంటె తగిన స్మారకము దొరకదు.

బోధకులు రాజకీయములలోనికి వచ్చుట నేటికిని ఆగలేదు, ఇకముందును ఆగదు. వారిని వస్త్రమును బట్టి ఆదరించుట ఎంత పొరపాటో, వస్త్రమును బట్టి తిరస్కరించుటయు అంతే పొరపాటు. తరగతిలో ఈ చరిత్ర చెప్పు ఉపాధ్యాయుడు విద్యార్థుల ముందు మూడు ప్రశ్నలు ఉంచవచ్చును. ఆ నాయకుడు తన మతము వారికొరకు మాత్రమే అడిగినాడా, అందరికొరకు అడిగినాడా? తన పక్షము చేసిన తప్పును చూడగలిగినాడా? తనకు పీఠము దక్కని నాడు ఏమి చేసినాడు? స్వామి రామానంద తీర్థ జీవితములో మొదటి ప్రశ్నకు స్పష్టమైన సమాధానము దొరకును. రెండవదానిపై వాదోపవాదములు సాగవచ్చును. మూడవదానికి మాత్రము ఆయన గడిపిన చివరి పదేండ్లే సమాధానము.